చెయ్యి అందే ఎత్తులో ఒక గీత

నా ఉద్యోగ జీవితం మొత్తంలో నాకు దక్కిన బిరుదు ఒక్కటే, "చెట్ల యముడు". ఇచ్చింది సర్కారు కాదు, సూర్యాపేట ఆఫీసులో నాతో కలిసి చాయ్ తాగే తోటి ఉద్యోగులు. సర్కారు ఇచ్చిన హోదా వర్క్ ఇన్‌స్పెక్టర్. ఇంజనీర్లకు కింద, కూలీలకు పైన, ఇద్దరి చేతా తిట్లు తినే చోట ఉంటాడు ఆ మనిషి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల మధ్య ఉన్న సర్కారు బంగ్లాలు, దవాఖానలు, బడులు, వాటి ప్రహరీలు పడిపోకుండా చూసుకోవడం నా పని. రాష్ట్రాలు కలిసిన కొత్తలో, ఉర్దూ ఫైళ్లు ఒక బీరువాలో, ఇంగ్లీషు ఫైళ్లు ఇంకో బీరువాలో ఉన్న రోజుల్లో నేను చేరాను.

గోడకు ఎండకంటే, వానకంటే పెద్ద శత్రువు మొక్క. ఈ ముక్క ఇప్పుడు కొత్తగా పనిలోకి దిగుతున్న పిల్లలకు చెబితే నవ్వుతారు. మా గోడలు రాయి, గానుగ సున్నం. సిమెంటు పర్మిటు మీద చిటికెడు దొరికే కాలం. కాకి ఎక్కడో రావి పండు తిని వచ్చి గోడ మీద వాలుతుంది, తర్వాత అది చేసే పని చేసి ఎగిరిపోతుంది. మొదటి వానకు రెండాకులు వస్తాయి, లేత రాగి రంగులో ఎంతో ముద్దుగా. ముద్దొచ్చిందని వదిలేస్తే కొన్నేళ్లకు వేరు రాయికీ రాయికీ మధ్య దూరి, గోడను లోపలి నుంచి విప్పేస్తుంది.

పీకడం సులువే. పీకే మనిషి దొరకడమే కష్టం. తుమ్మ కొట్టమంటే కొట్టే కూలీలు, బొటనవేలంత రావి మొక్క చూపిస్తే గడ్డపార కింద పెట్టేసేవాళ్లు. "మాకు పిల్లలున్నరు సార్" అనేవాళ్లు. నాకూ ఉన్నారు. అయినా ప్రతి గోడ దగ్గరా చెప్పులు విడిచి, మొక్కకు దండం పెట్టుకుని, నేనే పీకి, వేరు మళ్లీ చిగురించకుండా ఆ సందులో ఉప్పూ ఇంగువా కూరేవాణ్ణి. ఇంటికి వస్తే మా ఆవిడ వాకిట్లోనే బిందెడు నీళ్లు నెత్తిన గుమ్మరించనిదే గడప తొక్కనిచ్చేది కాదు. వానాకాలం ముందు నెలంతా నాకు జలుబే.

రావి మీది కోపం మెల్లగా తీగల మీదికి కూడా పాకింది. తీగ గోడను పగలగొట్టదు, నిజమే. కానీ పగలగొట్టేదాన్ని చాటున దాచిపెడుతుంది. అందుకే గోడకు పట్టిందేదైనా సరే, పీకెయ్యమని నా హుకుం. బడిపంతులుగారి చిక్కుడు పాదు అయినా, దవాఖాన నర్సమ్మగారి మల్లెతీగ అయినా ఒకటే మాట. వాళ్లు నన్ను ఎన్ని తిట్టుకున్నారో నాకు తెలుసు. తిట్లు మన గోడను పడగొట్టవని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

ఒక్క గోడ మాత్రం చాలాకాలం నాకు చిక్కలేదు. కోదాడ దిక్కున రోడ్డు పక్కన, ప్రయాణంలో ఉన్న అధికార్లు దిగే బంగ్లా ఒకటి ఉండేది. వెనక మూలన వాచ్‌మన్ గది. అక్కడి నుంచి వంటిల్లు, బావి, గేటు, అన్నీ ఒకే పొడుగాటి ప్రహరీని ఆనుకుని వరసగా ఉండేవి. ఆ గోడ నిండా తీగలే. అదీ ఒక రకం కాదు. గది దగ్గర సన్నజాజి, వంటిల్లు దగ్గర బీర, బావి దగ్గర కాకర, గేటు దగ్గర దట్టంగా తిప్పతీగ. తెలివున్న ఇల్లాలెవరైనా కాకర పక్కనే బీర పెడుతుంది, ఒక్కచోట నీళ్లు పోసుకుంటుంది. ఈ గోడ మీద ఒక్కొక్కటీ ఒక్కో మూలన ఉండడం చూస్తే నాకు ఒళ్లు మండేది. పాదులన్నీ వాచ్‌మన్ భార్యవి. నోరు మంచిది కాదు. వాచ్‌మన్ మాత్రం సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ తలపాగాతో, మాట పెంచని మనిషి.

అతని నడక మా ఆఫీసులో ఒక వేడుక. ఎక్కడికి వెళ్లినా గోడవారనే నడిచేవాడు, ఒక చెయ్యి ఆకుల మీద అలా అలా తాకిస్తూ. "తాగుతడు సార్" అని ఒకరు, "పొగరు సార్, బంగ్లా తన తాత కట్టించినట్టు తడుముకుంటడు" అని ఒకరు. కానీ పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. చాయ్ తొణకదు, బావి నుంచి తెచ్చిన నీళ్లు ఒలకవు. కరెంటు లేని రాత్రుళ్లు దొరలు లాంతరు కోసం అరుస్తుంటే, అతను లాంతరు లేకుండానే వాళ్లకంటే ముందు గేటు తీసేవాడు. అది చూసి మెచ్చుకున్నామే తప్ప, ఎట్లా అని ఎవరమూ అడగలేదు.

అరవైల్లో ఒక ఎండాకాలం చివర, ఆ ప్రహరీ పైరాయి ఒకటి జారి రోడ్డు వైపు పడింది. పల్లీలు అమ్ముకునే ఆమె గంప పక్కనే పడింది. తీగల నీడ రోడ్డు మీదికి కూడా వచ్చేది కాబట్టి బస్సు కోసం చూసేవాళ్లంతా అక్కడే కూర్చునేవాళ్లు. అందులోనూ కొత్తగా వచ్చిన డివిజన్ ఇంజనీరుగారు అటువైపు వస్తున్నారని కబురు. ఇంక ఆగలేదు. మిర్యాలగూడలో నాకు నమ్మకమైన మేస్త్రిని, కూలీలను వెంటపెట్టుకుని వెళ్లాను.

నన్ను చూడగానే వాచ్‌మన్ భార్యకు అర్థమైపోయింది. వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి గోడకు అడ్డంగా నిలబడింది.

"సారూ, బీరకాయలు నువ్వే కొండవో. కాకరకాయలు నువ్వే కొండవో. తీగలు మాత్రం ముట్టకు."

"కూరగాయల కోసం సర్కారు గోడ పడగొట్టుకుంటమా అమ్మా? ఎవరి నెత్తినన్న పడితే?"

"నీకు దండం బెడ్త. గీ గోడ జోలికి రాకు."

అంతసేపూ వాచ్‌మన్ తన గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "సార్ చెప్పినంక ఇగ మాటేంది? పక్కకు జరుగు" అన్నాడు భార్యతో, నెమ్మదిగా. ఆమె అతని వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అప్పుడు మాత్రం, మొగుడు తన మాట నిలబెట్టలేదన్న కోపం అనుకున్నాను.

తీగలు లాగేశాం. గేటు దగ్గర తిప్పతీగ తొలగించగానే మేస్త్రి తాపీ కింద పెట్టేసి, "యా అల్లా" అన్నాడు. లోపల మణికట్టంత లావు రావి కాండం, గోడను నిలువునా చీల్చుకుని ఉంది. వేళ్లు రాళ్లను చుట్టేసుకుని, గేటు కాంక్రీటు స్తంభం అడుగుకు కూడా దూరాయి.

"గీ గోడ మన పుణ్యాన నిలబడలే సాబ్," అన్నాడు మేస్త్రి, "చెట్టే పట్టుకొని నిలబెట్టింది."

అందుకని చెట్టుతో పాటు గోడ కూడా విప్పక తప్పలేదు. చెప్పులు విడిచాను, దండం పెట్టాను, మొదటి దెబ్బ నేనే వేశాను. సాయంత్రానికి ప్రహరీ మొత్తం రాళ్ల కుప్పలైపోయింది. నా మాటే నిజమైందన్న సంతోషంతో ఆ రోజు హాయిగా నిద్రపోయాను. దాచడం దేనికి, నాకు అలాంటి సంతోషాలు తక్కువేం కాదు.

మర్నాడు పొద్దున గేటు దగ్గర నిలబడి చాయ్ తెమ్మని కేకేశాను. వాచ్‌మన్ ట్రే పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయాడు. మళ్లీ కేకేశాను. కదల్లేదు.

"ఏందయ్యా, గాడనే నిలబడ్డవ్? సల్లారిపోతది!"

అప్పుడు అతను ఒక అడుగు వేసి చెయ్యి పక్కకు చాచాడు. గోడ ఉండాల్సిన చోట గాలి ఉంది. చెయ్యి ఇంకొంచెం చాచాడు. ఇంకొంచెం. కాలు రాళ్ల కుప్పకు తగిలి కప్పులు కిందపడ్డాయి. అతను కూర్చుని ముక్కలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. పెద్ద ముక్క ఒకటి అతని మోకాలి ముందే ఉంది. దాని చుట్టూ నేలంతా తడుముతున్నాడు గానీ దాన్ని చూడలేదు.

అప్పుడు నేను మొదటిసారి అతని కళ్లకేసి చూశాను.

ఆమె పరుగెత్తుకొచ్చింది. "కండ్లు నెత్తికెక్కినయా? కప్పులు పలగ్గొడ్తవా?" అని అందరికీ వినపడేలా మొగుణ్ణి తిడుతూ, చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది. అంత చక్కగా తిట్టింది కాబట్టి కూలీలెవరికీ అనుమానం రాలేదు. కాసేపయ్యాక నేను వంటింటి వెనక్కు వెళ్లాను. ఆమె నన్ను చూసి ఏడవలేదు, బతిమాలలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"ముందుగాల రేజీకటి అన్నరు. తర్వాత పగలు గూడ ఖతమైంది. సూర్యాపేట దవాఖానల సూపిస్తే నరం ఎండిపోయింది, మందు లేదన్నరు. నౌకరి పోతే గీ గది గూడ పోతది. ఇంకేడికి పోతం? గందుకే పెట్టిన సారూ గా పాదులు. గరుకు ఆకు తాకితే వంటిల్లు. కాకర వాసనొస్తే బాయి. నున్నటి ఆకు తాకితే గేటు. జాజిపూల వాసనొస్తే ఇల్లు. ఒక్క ఆకు పట్టుకుంటె సాలు, యాడున్నడో ఆయనకు ఎర్కయితది."

మా ఆఫీసులో అంతమందిమి ఇన్నేళ్లుగా నవ్వుకున్న గోడ అది. ఆమె దాని మీద తన మొగుడికి దారి రాసిపెట్టింది. నేను మొదలంటా పెరికించాను. గోడ పడిపోయేదే, పల్లీలామె నెత్తిన పడేదే, నేను చేసింది తప్పు కాదు. తప్పు చెయ్యలేదని తెలిసినా గుండె బరువెక్కడం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది.

రూలు ప్రకారం పైకి రాయాలి. చూపు లేని మనిషి సర్కారు నౌకరీలో ఉండకూడదు. అతని రిటైర్మెంటుకు ఇంకా కొన్నేళ్లుంది, పైగా మా పద్దు కింద పనిచేసేవాళ్లకు పింఛను లేదు. రాసి సంతకం పెడితే ఆ ఇద్దరూ మూటాముల్లె నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నిలబడాలి. ఇంజనీరుగారు రానే వస్తున్నారు. తీగలు మళ్లీ పెడదామంటే పాకేదాకా నెలలు పడుతుంది. పాకినా, దాని చాటున ఇంకో రావి లేవదని ఎవరు హామీ?

మేస్త్రితో చెప్పాను. అతను బీడీ ముట్టించుకుని రాళ్లకేసి చూశాడు. "గోడ ఎట్లన్న కడ్తున్నం గద," అన్నాను నేనే. "రాళ్ల సందులు పూసేటప్పుడు, ఒక్క సందు మాత్రం పైకి ఉబ్బెత్తుగ తియ్యరాదూ? గది నుంచి గేటు దాకా?"

"చెయ్యి అందే ఎత్తుల?"

"ఆయన చెయ్యి అందే ఎత్తుల."

మేస్త్రి బీడీ పారేసి లేచాడు. ఆ గోడకు రాళ్లు పేర్చినప్పుడు అతను పాట పాడుకుంటూ పనిచేశాడు. గీత దగ్గరికొచ్చేసరికి ఎవర్నీ దగ్గరికి రానియ్యలేదు. నా దగ్గర మిగిలిన కొంచెం సిమెంటు దానికే ఇచ్చాను. మేస్త్రి వాచ్‌మన్‌ను పిలిచి గోడ పక్కన నిలబెట్టి, అతని చెయ్యి వాలే చోట బొగ్గుతో గుర్తు పెట్టి, అక్కడి నుంచి దారం కట్టాడు.

ఇంక ఏది ఎక్కడుందో తెలియాలి కదా. అదంతా ఆమె చూసుకుంది. గేటు దగ్గర పచ్చి సిమెంటులో పెంకు ముక్క ఒకటి గుచ్చించింది. బావి దగ్గర పాలేరు వాగులోంచి తెచ్చిన నున్నటి గుండ్రాయి. వంటిల్లు దగ్గర మొన్న పగిలిన సాసరు ముక్క, అంచు కోసుకోకుండా రాయి మీద అరగదీసి మరీ ఇచ్చింది.

"మరి గది కాడ?" అని అడిగాను.

ఆమె నవ్వింది. నేను ఆమె నవ్వు చూడడం అదే మొదలు. "గాడ నేనుంట గద సారూ. గాడ గుర్తెందుకు?"

గోడ పూర్తయ్యాక ఇంజనీరుగారు వచ్చారు. కోస్తా మనిషి, మంచి పట్టున్న ఇంజనీరని పేరు. గోడ పొడుగునా నడిచారు, కర్రతో తట్టి చూశారు, సరిగ్గా ఉందన్నారు. అంతలో గీత దగ్గర ఆగారు.

"ఇదేంటండీ? ప్లానులో లేదే?"

నాకు అబద్ధాలు చేతకావు. అప్పటికప్పుడు నోటికొచ్చింది అనేశాను. "తీగలు పాకడానికి సార్."

ఆయన నా మొహంలోకి చూశారు. "మీరేనా ఆ చెట్ల యముడు? సూర్యాపేటలో చెప్పారు లెండి."

సరిగ్గా అప్పుడే వాచ్‌మన్ చాయ్ తెస్తున్నాడు. ఒక చేతిలో ట్రే, ఇంకో చేతి వేళ్లు గీత మీద. వంటిల్లు నుంచి బావి దాకా, బావి నుంచి మా దాకా తిన్నగా వచ్చాడు. పెంకు ముక్క తగలగానే ఆగి, గొంతు వినపడే వైపు తిరిగి ట్రే చాచాడు. ఆమె వంటింటి గుమ్మంలో కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఉంది. ఇంజనీరుగారు వెంటనే కప్పు అందుకోలేదు. వాచ్‌మన్ కళ్లకేసి చూశారు, అతని వేళ్లకేసి చూశారు, గోడ మీద గీత వెంబడే అంతదూరం చూశారు. ట్రే అలాగే ఉంది.

తర్వాత ఆయన కప్పు తీసుకున్నారు. తాగి, "చాయ్ బాగుందయ్యా" అన్నారు. జీపు ఎక్కబోతూ నన్ను పిలిచారు.

"గీత గేటు దగ్గరే ఎందుకు ఆపేశారండీ? గేటు అవతల గోడ మీద కూడా తీయించండి. బస్సు ఆగే చోటు దాకా. సగం గోడకుంటే చూడ్డానికి బావోదు."

అంతే. ఆ విషయం మళ్లీ ఎప్పుడూ మా మధ్య రాలేదు. నేను ఆయన కింద ఎన్నో ఏళ్లు పనిచేశాను, చీవాట్లు కూడా బాగానే తిన్నాను. ఆయన మీద ఒక్కసారి కూడా కోపం రాలేదు.

తర్వాత నన్ను మిర్యాలగూడ వైపు కాలువ పనులకు వేశారు. అక్కడ కాంక్రీటు, మట్టి, దుమ్ము. తీగల ఊసే లేదు. ఒకనాడు మేస్త్రి వచ్చి, వాచ్‌మన్ భార్య జ్వరంతో పోయిందని చెప్పాడు. నాకు ముందు ఆమె కంటే అతనే మనసులో మెదిలాడు. ఇంక ఎట్లా నెట్టుకొస్తాడు? గది కాడ ఆమె ఉంటానంది కదా. వీలు చూసుకుని వెళ్లాను. మనిషి సగమయ్యాడు. కానీ చాయ్ తెచ్చాడు, తొణక్కుండా తెచ్చాడు.

"ఎట్లున్నవయ్యా? కష్టమైతుందా?"

"కష్టమే సార్. ఇల్లు సప్పుడు లేకుంట అయింది." ట్రే చంకలో పెట్టుకుని అన్నాడు, "నడుసుడుకు మాత్రం ఏం పరేషాన్ లేదు సార్. అన్ని సగవెట్టి, సదిరిపెట్టి పోయింది."

నేను దాన్ని భార్య పోయిన మనిషి మాటగానే తీసుకున్నాను. అతను ఆ బంగ్లాలోనే తన సర్వీసు ముగించి, నడిగూడెం పక్కన తమ్ముడి కొడుకు దగ్గరికి వెళ్లి, అక్కడే పోయాడని తర్వాత విన్నాను. చివరి రోజు దాకా అతని మీద ఒక్క ఫిర్యాదు రాలేదు.

డెబ్బైల్లో నాకు మళ్లీ కోదాడ సెక్షనే పడింది. బంగ్లాకు రిపేర్లు చేయించడానికి వెళ్లాను. కొత్త వాచ్‌మన్ కుర్రవాడు, హుషారైన వాడు. గోడ చూపించి ఫిర్యాదు చేశాడు. "సార్, ఏటేటా సున్నం ఏస్తున్నం. ఈ గీత మీద మాత్రం పట్టట్లేదండి. జారిపోతంది. అసయ్యంగా కనపడతంది."

నిజమే. గోడంతా తెల్లగా ఉంది, గీత మాత్రం నల్లగా, నున్నగా, నూనె పట్టించిన చెక్కలాగా మెరుస్తోంది. అంతకాలం ఒక మనిషి చెయ్యి రాసుకున్న చోట సున్నం ఎక్కడ నిలుస్తుంది? ఏమనిపించిందో, నేను కళ్లు మూసుకుని గీత మీద చెయ్యి పెట్టి నడిచాను. పెంకు ముక్క తగిలింది, గేటు. గుండ్రాయి తగిలింది, బావి. సాసరు ముక్క, వంటిల్లు. ఇంక గీత అయిపోతుంది అనుకున్నాను. అయిపోలేదు. గది మూల దాటి, గుమ్మం వైపు లోపలికి తిరిగింది. మొగుడూ పెళ్లాలు ఉండే చోటని నేను ఎప్పుడూ అటు అడుగు పెట్టలేదు. అంతదూరం తియ్యమని నేను మేస్త్రికి చెప్పనూ లేదు.

గుమ్మం పక్కన, గీత చివర, వేళ్లకు చల్లగా ఏదో తగిలింది. గుండ్రంగా ఉంది. కళ్లు తెరిచాను.

ఆకుపచ్చ మట్టిగాజు. సగం సిమెంటులో, సగం బయటికి. చిట్లకుండా ఎంత మెల్లగా ఒత్తిందో, ఎంత తడిగా ఉన్నప్పుడు ఒత్తిందో. గాడ నేనుంట గద సారూ అని నవ్విన మనిషి, తాను ఎప్పటికీ ఉండనని ఆ రోజే అనుకుని, మేస్త్రి చేత గీత అక్కడిదాకా తీయించి, చేతి గాజు తీసి దాని చివర ఒత్తింది. మేస్త్రి కూడా నాకు ఒక్కమాట చెప్పలేదు. ఆమె పోయాక వాచ్‌మన్ రోజూ ఇంటికి వచ్చి ముందుగా ముట్టుకున్నది దాన్నే. గాజు మీది గీతలన్నీ అరిగిపోయి ఉన్నాయి. నేను అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాను. ఏడ్చాను కూడా.

కొత్త వాచ్‌మన్ వెనకే వచ్చి, నేను దేనికేసి చూస్తున్నానో చూశాడు. "గోడకు ఏదో గుచ్చుకుంది సార్. గోకేసి, కొత్తగా సున్నం ఏయించమంటారా?"

గోడకు పట్టిందేదైనా పీకెయ్యమని ఉద్యోగం పొడుగునా చెప్పినవాణ్ణి నేను.

"దాన్ని ఉండనియ్యి" అన్నాను.